లీకులపై కారవాన్ కంపెనీ బహిరంగ జవాబు: వాళ్లు పంపిన కాగితం మీద సంతకం పెట్టొచ్చా?

బరంపురం బండి:

అందరికీ నమస్కారం. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు ఒకే కంపెనీ కారవాన్ కొన్నవాళ్లం కొందరం ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. ఎక్కువమంది బాధ ఒక్కటే. మొదటి వానాకాలానికే రూఫ్ ఏసీ చుట్టూ, వెనక వెంట్ దగ్గరా నీళ్లు దిగుతున్నాయి. కొన్ని బళ్లలో సీలింగ్ ప్లైవుడ్ ఉబ్బిపోయింది. ఇంకొందరికి బండి రోజంతా నడిచినా ఇంటి బ్యాటరీ (లోపలి లైట్లు, ఫ్రిజ్ లాంటివి నడిపేది) నిండటం లేదు.

ఫొటోలతో ఫేస్‌బుక్‌లో పెట్టాక కంపెనీ కూడా అక్కడే జవాబిచ్చింది. దాని సారం: ఈ సమస్య కొద్ది బళ్లకే ఉంది, సీలెంట్‌ని (నీళ్లు దిగకుండా అతుకుల్లో పూసేది) ఆరు నెలలకోసారి చూసుకోవాల్సింది యజమానే, అయినా సరే ఫ్యాక్టరీకి తెస్తే ఉచితంగా సరిచేస్తాం, రానూపోనూ ఖర్చు మాత్రం మీదే, ఏసీ, బ్యాటరీ, ఫ్రిజ్ సంగతి వాటి వాటి కంపెనీలతో తేల్చుకోండి. ఆ తర్వాత ఒక్కొక్కరికీ విడిగా ఒక కాగితం పంపారు. పని పూర్తయ్యాక 'పూర్తి సంతృప్తి, ఇకపై ఏ క్లెయిమూ లేదు' అని సంతకం చేయాలి, ఫేస్‌బుక్ పోస్టులు తీసేయాలి అని అందులో రాసుంది.

ఫ్యాక్టరీ ఇక్కణ్ణుంచి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. బండి ఖరీదు 34 లక్షలు, అందరమూ సొంత వాడకానికే కొన్నాం. 'చూసుకోవాల్సింది యజమానే' అన్న మాట ఎంతవరకు నిలుస్తుంది? సంతకం పెట్టొచ్చా? కంపెనీ పోస్టు కింద మేమందరం కలిసి ఏమని రాస్తే పని జరుగుతుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

రూఫ్ సీలు:

బండి గారూ, మీ మొదటి ప్రశ్నకి జవాబు రూఫ్ మీదే ఉంది. కంపెనీతో వాదించే ముందు ఒక పూట దాని మీద పెట్టండి.

ముందు ఆ నీళ్లు వానవో ఏసీవో తేల్చండి. పొడి రోజున రూఫ్ ఏసీని రెండు గంటలు నడపండి. అప్పుడు కూడా లోపల చుక్క పడితే అది ఏసీ నుంచి కారే నీరు. ఏసీ అడుగు పళ్లెంలో నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. దాన్ని లీకు కింద రాసి పెట్టారనుకోండి, కంపెనీ ఆ ఒక్కదాన్నే చూపించి మిగతా ఫిర్యాదులన్నీ ఇలాంటివే అంటుంది.

ఏసీ కాదని తేలాక గొట్టంతో నీళ్లు పెట్టి చూడాలి. మామూలు తోట గొట్టం చాలు. ప్రెషర్ వాషర్ అస్సలు వద్దు. బాగున్న సీలును కూడా అది లేపేస్తుంది. కింద నుంచి పైకి వెళ్లాలి. మొదట కిటికీలు, తర్వాత గోడా రూఫూ కలిసే అంచు, తర్వాత వెంట్, ఆఖరున ఏసీ. ఒక్కో చోట 10 నుంచి 15 నిమిషాలు నీళ్లు పారనివ్వాలి. ఒకరు పైన, ఒకరు లోపల టార్చితో ఉండాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్లు అన్ని అతుకుల మీదుగా దిగిపోతాయి, ఏ అతుకు కారుతోందో ఎప్పటికీ తెలియదు. చుక్క పడ్డ చోటే రంధ్రం ఉందని కూడా అనుకోవద్దు. రూఫ్ ప్యానెల్ అంటే పైన ఫైబర్ రేకు, మధ్యలో ఫోము, లోపల ప్లై. పైన దూరిన నీరు ఫోముకీ ప్లైకీ మధ్య పాకి మీటరు దూరంలో బయటపడవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. సీలెంట్ ఎలా విడిపోయిందో చూస్తే తప్పు ఎవరిదో చాలావరకు తెలిసిపోతుంది. ఊడిన చోట ఒక అంగుళం ముక్క నెమ్మదిగా లాగండి. పట్టీలాగా శుభ్రంగా లేచొచ్చి, కింద ఫైబర్ నున్నగా మెరుస్తూ కనిపిస్తే అది మొదటి రోజు నుంచే పట్టలేదన్నమాట. దుమ్మూ మైనమూ తుడవకుండా వేసుండాలి, ప్రైమర్ వేయకపోయి ఉండాలి, లేదా ఆ చోటికి పనికిరాని సీలెంట్ వాడి ఉండాలి. ఆరు నెలలకోసారి కాదు, రోజూ చూసినా అలాంటి సీలు ఆగదు. అలా కాకుండా సీలెంట్ మధ్యలోకి చీలి, సగం పైనా సగం కిందా అంటుకుని, పొడిబారి నెర్రెలిచ్చి ఉంటే అది ఎండకీ కదలికకీ అరిగింది. అక్కడ కంపెనీ మాటకి కొంత బలం ఉంటుంది. అయినా మొదటి ఏడాదిలోనే ఆ స్థితి వస్తే ఎండకి తట్టుకోని రకం వాడారేమో అని అడగాల్సిందే.

సిలికాన్ వేశారా అనీ చూడండి. మార్కర్ పెన్నుతో గీస్తే సిలికాన్ మీద గీత సరిగ్గా నిలవదు, పాలీయూరిథేన్ రకం సీలెంట్ మీద నిలుస్తుంది. బాత్రూము టైల్సుకి సిలికాన్ మంచిదే కానీ ఘాటీ రోడ్డులో మెలికలు తిరిగే రూఫుకి కాదు. పైగా పాత సిలికాన్ మీద కొత్తది ఏదీ అంటుకోదు, అందుకే దాని మీద చేసిన మరమ్మతు మళ్లీ లేస్తుంది. గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలిలో ఉండే బళ్లకి ఇంకో బెడద. అల్యూమినియం అంచులో ఇనప స్క్రూలు బిగిస్తే ఉప్పు గాలికి ఆ రెండూ కలిసే చోట తుప్పు తిని రంధ్రం వెడల్పవుతుంది, సీలు బాగున్నా నీళ్లు దిగుతాయి. ఒక స్క్రూ విప్పి ఫొటో తీయండి.

ఏసీ చుట్టూ కారడం వేరే కథ. రూఫ్ ఏసీ బరువు 30 కేజీలకు పైనే ఉంటుంది. దాని కోసం కోసిన కంత సాధారణంగా 14 అంగుళాల చదరం. ఆ కంత చుట్టూ ప్యానెల్ లోపల చెక్కతోనో అల్యూమినియం ట్యూబుతోనో ఫ్రేము ఉండాలి. ఫ్రేము లేకపోతే బరువంతా ఫోము మీదే పడి, కొన్నాళ్లకి ఫోము అణిగి, కింద గ్యాస్కెట్ వదులై, చుట్టూ పళ్లెంలా గుంట పడుతుంది. మీటరు పొడవు అల్యూమినియం బద్దని ఏసీ పక్కన రూఫ్ మీద అడ్డంగా పెట్టి, మధ్యలో సందు ఎన్ని ఎంఎం ఉందో స్టీలు స్కేలుతో కొలిచి ఫొటో తీయండి. వాన వెలిశాక నీళ్లు నిలిచిన ఫొటో కూడా ఉంచండి. గుంట పడిందంటే అది డిజైను లోపం. సీలెంట్ ఎన్ని ట్యూబులు పోసినా తీరదు.

చివరగా తేమ మీటరు. చెక్కకి వాడే పిన్నుల రకం తీసుకుని కంత చుట్టూ నాలుగు వైపులా, తర్వాత ఎప్పుడూ తడవని చోట ఒకసారి రీడింగు తీయండి. 15 శాతం లోపు ఉంటే ఫరవాలేదు. 20 దాటితే లోపల నీరుంది. తడిసిన ప్లై ఆరకుండా పైన సీలు వేస్తే తేమ లోపలే బిగిసిపోయి కుళ్లుతుంది. ఫ్యాక్టరీ 'ఒక్క రోజులో చేసి పంపేస్తాం' అంటే ఒప్పుకోకండి. పాత సీలెంట్ పూర్తిగా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ప్లై 15 శాతం లోపుకి ఆరాక, అవసరమైతే ఫ్రేము పెట్టి, అప్పుడు కొత్త గ్యాస్కెట్‌తో బిగించాలి. పాలీయూరిథేన్ గాలిలో తేమతో గట్టిపడేదే కానీ రోజుకి సుమారు 3 ఎంఎం మందమే గట్టిపడుతుంది. ఈ పనిక్రమం జాబ్ కార్డు (షెడ్డులో రాసిచ్చే పనుల చీటీ) మీద రాయించుకోండి.

సర్వీస్ డెస్క్:

రూఫ్ సీలు గారు చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తాను. కంపెనీ లోపల ఫిర్యాదులు ఎలా కదులుతాయో ఆ వైపు నుంచి చెప్తాను.

ఫేస్‌బుక్‌లో ఫొటో, కింద నాలుగు కోపపు మాటలు. ఇది మార్కెటింగ్ వాళ్ల దగ్గరే ఆగిపోతుంది, జవాబు రాసేదీ వాళ్లే. ఆ జవాబు మంచిగా ఉన్నా రూఫ్ వేసే షెడ్డు దాకా వెళ్లదు. చాసిస్ నంబరూ తయారైన నెలా ఉన్న పట్టిక అయితే క్వాలిటీ వాళ్ల బల్ల మీదికి వెళ్తుంది, ఎందుకంటే దాన్ని తమ ప్రొడక్షన్ రిజిస్టరుతో పోల్చి చూసుకోవచ్చు. ఒకే నెలలో వచ్చిన బళ్లే కారుతున్నాయంటే ఆ నెల సీలెంట్ మార్చారా, కొత్త పనివాళ్లు వచ్చారా, ఏసీ మోడల్ మారిందా అన్నది వాళ్లకే తెలుస్తుంది. అన్ని నెలల బళ్లూ కారుతుంటే లోపం డిజైనులో ఉంది.

కాబట్టి మీ గ్రూపులో అందరి చేతా ఒకే తీరులో రాయించండి: చాసిస్ నంబరులో చివరి ఆరు అంకెలు, డెలివరీ తేదీ, మొదట నీళ్లు కనపడ్డ తేదీ, అప్పటికి కిలోమీటర్లు, ఏ చోట, తేమ రీడింగు, సీలెంట్ ఎలా విడిపోయింది, ఇంతకుముందు ఏ పని చేశారు, జాబ్ కార్డు నంబరు. బయట పెట్టేటప్పుడు పేర్లూ ఫోన్ నంబర్లూ వద్దు. కారని బళ్లు ఉంటే అవి కూడా పట్టికలో ఉండాలి. ఇది చాలామంది వదిలేస్తారు, కానీ పట్టికకి నమ్మకం తెచ్చేది అదే. ఫలానా నెల తర్వాత వచ్చిన బళ్లు కారడం లేదని తేలిందనుకోండి, కంపెనీ చప్పుడు లేకుండా ఏదో మార్చిందని అర్థం. ఏం మార్చారు, పాత బళ్లకి అది ఎందుకు చేయరు అని సూటిగా అడగవచ్చు.

ఇక వాళ్ల జవాబు. 'కొద్ది బళ్లకే' అన్నారు. ఎన్ని తయారు చేస్తే ఎన్ని? ఏ నెల నుంచి ఏ నెల దాకా? కారణం ఏమని తేల్చారు? ఏ భాగం మారుస్తారు? ఎప్పటిలోగా? చేసిన పనికి కొత్తగా ఎన్నాళ్ల వారంటీ? బహిరంగ జవాబులో ఇవి లేకపోతే అందులో మీకు అందేది ఏమీ లేదు. ఉచితంగా చూస్తామన్న మాట కూడా అంతే. చూడటం వేరు, బాగుచేయడం వేరు.

అమెరికాలో భద్రతా లోపం విషయంలో మోటారుహోం కంపెనీకి ఇష్టాయిష్టాలు ఉండవు. లోపం ఉందని తేల్చిన 5 పనిదినాల్లో అక్కడి రోడ్డు భద్రతా సంస్థకి తెలపాలి, ఆ తర్వాత 60 రోజుల్లోగా యజమానులకి ఉత్తరం రాయాలి, ఖర్చు తనే పెట్టుకుని బాగుచేయాలి. ఏ నెల నుంచి ఏ నెల దాకా తయారైన బళ్లు, ఎన్ని, కారణం ఏమిటి అన్నది బహిరంగ పత్రంలోనే ఉంటుంది. మీరు అడగబోయేది కూడా ఆ పాటి వివరమే, అది గొంతెమ్మ కోరిక కాదు.

ఖర్చు సంగతికి వస్తే, ఫ్యాక్టరీకే రమ్మనడానికి రూఫ్ ప్యానెల్ మార్చాల్సినప్పుడే అర్థం ఉంది. సీలు, గ్యాస్కెట్, ఫ్రేము పని బరంపురంలోనో విశాఖలోనో మంచి బాడీ షాపులో చేయవచ్చు. కంపెనీ ఒక మేస్త్రీని, సామానునీ పంపి, ఒక షెడ్డు అద్దెకి తీసుకుని, బళ్లన్నీ వరసగా చేసుకుంటే వాళ్లకే చవక. ఇలా అడిగితే కాదనడానికి వాళ్లకి కారణం దొరకదు.

బరంపురం బండి:

ఇద్దరికీ దండాలు. పట్టిక ఇవాళే మొదలుపెడతాను. రెండు విషయాలు మిగిలాయి. బ్యాటరీ సంగతి బ్యాటరీ కంపెనీనే అడగమన్నారు కదా, అది సరేనా? మాది 12 వోల్టుల 100 ఏహెచ్ లిథియం. ఇంకోటి, కోరాపుట్ వైపు వాళ్లు సాలూరు ఘాటీ దిగేటప్పుడు వెనక కుంగినట్టు, స్టీరింగు తేలిపోతున్నట్టు ఉందంటున్నారు. ఇది కూడా ఫిర్యాదులో కలపాలా?

సుంకి మలుపు:

రెండోదానికి ముందు చెప్తాను తమ్ముడూ, ప్రాణం మీదకొచ్చేది అదే. లీకుతో కలిపి రాయొద్దు, విడిగా రాయాలి.

బండిని ధర్మకాటా (లారీలు తూచే కాటా) మీదికి తీసుకెళ్లండి. ట్యాంకు నింపి, గ్యాస్ సిలిండరు, సామాన్లు, ఎప్పుడూ ప్రయాణం చేసేంతమంది మనుషులతో. మొదట ముందు చక్రాలు మాత్రమే కాటా మీద, తర్వాత బండి మొత్తం, తర్వాత వెనక చక్రాలు మాత్రమే. మూడు చీటీలూ ఉంచుకోండి. ముందూ వెనకా కలిపితే మొత్తానికి దగ్గరగా రావాలి. రాకపోతే కాటా దగ్గర నేల ఎగుడుదిగుడుగా ఉందని అర్థం, వేరే కాటా చూడండి. ఆ అంకెల్ని చాసిస్ ప్లేటు మీదున్న మొత్తం బరువు పరిమితితో, ఒక్కో యాక్సిల్ (చక్రాల ఇరుసు) పరిమితితో పోల్చండి. మొత్తం లోపలే ఉండి వెనక యాక్సిల్ దాటిపోవడం కారవాన్లలో తరచుగా జరిగేదే.

ఎందుకు జరుగుతుందంటే, నీళ్ల ట్యాంకు వెనక చక్రాలకి వెనక పెడతారు కాబట్టి. లెక్క చూడండి. 120 లీటర్ల ట్యాంకు అంటే 120 కేజీలు. అది వెనక యాక్సిల్‌కి మీటరు వెనక ఉండి, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 4 మీటర్లయితే, వెనక యాక్సిల్ మీద పడేది 120 కాదు 150 కేజీలు. ముందు యాక్సిల్ మీద 30 కేజీలు తగ్గుతాయి. వెనక సైకిల్ స్టాండు, స్పేరు చక్రం, ఇంకో బ్యాటరీ తోడైతే స్టీరింగు తేలిపోవడంలో వింతేముంది? అందులోనూ ఆ సాలూరు ఘాటీలో అధిక బరువుతో బ్రేకు మీదే కాలుంచి దిగితే లైనర్లు కాగి బ్రేకు పట్టు తగ్గుతుంది. బరువు సంగతి తేలేదాకా ట్యాంకు పావు వంతే నింపండి, తక్కువ గేరులో దిగండి. వెనక స్ప్రింగు పట్టీలు పెంచుకుంటే సరిపోతుందని ఎవరైనా అంటే వినొద్దు. పట్టీలు పెంచితే బండి ఎత్తు లేస్తుందే కానీ యాక్సిలూ టైర్లూ బ్రేకులూ మోయగలిగే బరువు పెరగదు.

కంపెనీని అడగాల్సింది: ఖాళీ బండి బరువు యాక్సిల్ వారీగా ఎంత, సామానుకి మిగిలేది ఎన్ని కేజీలు. రాతపూర్వకంగా. కారవాన్లకి మన దేశంలో ఏఐఎస్-124 అని ప్రమాణం ఉంది. మీ మోడల్ ఆ ప్రమాణానికి సరిపోతుందని ఇచ్చే టైప్ అప్రూవల్ సర్టిఫికెట్ నకలు అడగండి. ఫారం 22-ఏ కూడా తీసి చూడండి. చాసిస్ ఒకరూ బాడీ ఒకరూ కట్టిన బళ్లకి ఇచ్చేది అదే. అందులో మొదటి భాగం చాసిస్ కంపెనీది, రెండో భాగం బాడీ కట్టినవాళ్ల సంతకంతో ఉంటుంది. 'అది చాసిస్ వాళ్ల సంగతి' అని తప్పించుకోబోతే రెండో భాగం చూపించండి.

బ్యాటరీ సంగతి: చాలాసార్లు లోపం బ్యాటరీలో ఉండదు, వైరింగులో ఉంటుంది. వైరింగు చేసింది కారవాన్ కంపెనీయే. పరీక్ష తేలిక. బ్యాటరీ సగం ఖాళీగా ఉన్నప్పుడు ఇంజిన్ స్టార్టు చేసి కాస్త రేసు మీద ఉంచి, మల్టీమీటరుతో ముందున్న ఇంజిన్ బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర ఒకసారి, వెంటనే ఇంటి బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర ఒకసారి చూడండి. ఇంజిన్ బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉండి, ఇంటి బ్యాటరీ దగ్గర దానికన్నా బాగా తక్కువుంటే వైరులోనే పోతోంది. ఆరు మీటర్ల దూరానికి రానూపోనూ 12 మీటర్ల రాగి. 6 చదరపు ఎంఎం వైరులో 30 ఆంపియర్లు పారితే ఒక వోల్టు పైగా అక్కడే ఖర్చవుతుంది. 16 చదరపు ఎంఎం అయితే 0.4 దాకానే. మీ లిథియం బ్యాటరీ నిండాలంటే 14.2 వోల్టుల పైన అందాలి.

రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) ఒక్కటి పెట్టి రెండు బ్యాటరీల్నీ నేరుగా కలిపి ఉంటే అదీ తప్పే. బీఎస్-6 బళ్లలో కొన్నిటి ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే కరెంటు ఇచ్చేది) ఇంజిన్ బ్యాటరీ నిండగానే వోల్టేజి తగ్గించేస్తుంది. మధ్యలో వోల్టేజిని సరిచేసి ఇంటి బ్యాటరీకి అందించే డీసీ-డీసీ ఛార్జరు ఉండాలి, వైరుకి రెండు బ్యాటరీల వైపూ ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే షార్టు అయితే కరెంటు రెండు వైపుల నుంచీ వస్తుంది. రెండో వైపు ఫ్యూజు లేకపోతే దాన్ని ఛార్జింగు లోపమని కాక అగ్నిప్రమాద లోపమని రాయండి.

గంజాం వకాలత్:

కాగితం సంగతి నేను చెప్తానండి. ఆ రూపంలో సంతకం పెట్టకండి.

పని జరిగిందని రాయడంలో తప్పులేదు. 'ఇకపై ఏ క్లెయిమూ లేదు' అన్న వాక్యమే ప్రమాదం. ఇలాంటి సంతకం పెట్టినా అది మోసంతోనో ఒత్తిడితోనో తీసుకున్నారని రుజువైతే దారి మూసుకుపోదని బీమా కేసులో సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. కానీ ఆ రుజువు భారం సంతకం పెట్టినవారిదే. ఆ బరువు కొనితెచ్చుకోవడం ఎందుకు? 'ఫలానా తేదీన ఫలానా పని జరిగింది, ఫలితం వానాకాలంలో చూడాలి, నా హక్కులు అలాగే ఉన్నాయి' అని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే ఆ నిరాకరణని ఈమెయిల్లో రాయించుకోండి.

పోస్టులు తీసేయాల్సిన పని లేదు. పని బాగా జరిగితే అదే పోస్టు కింద ఆ మాట రాస్తామని చెప్పండి, అది ఇద్దరికీ న్యాయం. ఇప్పటి పోస్టులు మాత్రం ఒకసారి చదువుకోండి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం పరువునష్టానికి నిజం చెప్పడం, అదీ ప్రజల మేలు కోసం చెప్పడం మినహాయింపు. తేదీ, ఫొటో, తేమ రీడింగు ఉన్న మాటకి భయం లేదు. 'దొంగలు', 'మోసగాళ్లు' అని ఎవరైనా రాసి ఉంటే వాటిని తీసేయించండి, అవి రుజువు చేయలేరు.

కేసు వేయాల్సి వస్తే ఫ్యాక్టరీ ఊరికి వెళ్లనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మీరు నివాసముండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, మీకైతే బరంపురంలోని గంజాం జిల్లా కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల లోపు కాబట్టి జిల్లా స్థాయి సరిపోతుంది. 20 నుంచి 50 లక్షల మధ్య ధరకి రుసుము 1,000 రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్లో వేసుకోవచ్చు. ఫిర్యాదు ఇంగ్లీషులో రాయించండి, తెలుగులో ఉన్న జాబ్ కార్డులకి అనువాదం జతచేయండి. నోటీసు అందాక అవతలివాళ్లకి జవాబుకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. అంతకుమించి గడువు లేదు. వస్తువుని ల్యాబు పరీక్షకి పంపే అధికారం కమిషన్‌కి ఉంది, అందుకే బండిని సొంతంగా పూర్తిగా మరమ్మతు చేయించి ఆధారం చెరిపేయకండి. వాన ఆగక తప్పనిసరైతే తాటిపత్రి కప్పండి, లేదా ముందు వీడియో తీసి, కంపెనీకి తెలిపి, విప్పిన భాగాలు దాచి చేయించండి.

అందరూ కలిసి ఒకే ఫిర్యాదు వేయాలని ఉంటుంది. 35వ సెక్షన్ కింద కమిషన్ అనుమతితో వేయవచ్చు. కానీ అప్పుడు అందరి ధరలూ కలిపి లెక్కేసే చిక్కు వస్తుంది. పదిమంది 34 లక్షల చొప్పున అంటే 3 కోట్ల 40 లక్షలు. 2 కోట్లు దాటితే ఢిల్లీలోని జాతీయ కమిషన్. ఎవరి జిల్లాలో వారు విడివిడిగా వేసి, పట్టికని అందరూ జతచేయడమే నయం. గడువు లోపం బయటపడ్డ నాటి నుంచి రెండేళ్లు. 'వచ్చే నెల క్యాంపు పెడతాం' అన్న కబురు ఆ గడువుని ఆపదు, ఇది గుర్తుంచుకోండి. బండిని అద్దెకి తిప్పేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే వాళ్ల సంగతి వేరు. వ్యాపారానికి కొన్నవారిని చట్టం వినియోగదారుగా లెక్కించదు, స్వయం ఉపాధి అని చూపగలిగితే తప్ప.

'ఆ భాగం మేం తయారు చేయలేదు' అన్న వాదన కూడా చట్టం ముందు నిలవదు. ఇతరులు చేసిన భాగాల్ని కూర్చి అమ్మేవారు కూడా తయారీదారే అని 2వ సెక్షన్ 36వ క్లాజులో ఉంది. సీలెంట్ చూసుకోమన్న విషయానికొస్తే, మీకిచ్చిన పుస్తకంలో ఆ మాట ఉందా, ఎలా చూడాలో రాశారా? తగిన సూచనలు ఇవ్వకపోవడం కూడా 84వ సెక్షన్ కింద బాధ్యతే. ఒక తేడా గమనించండి. ఆ సెక్షన్ బండికి జరిగిన నష్టానికి వర్తించదు, దానివల్ల తడిసిన పరుపు, పాడైన ల్యాప్‌టాప్ లాంటి వాటికి వర్తిస్తుంది. రూఫ్ మరమ్మతుకి 'వస్తువులో లోపం' అని విడిగా అడగాలి. రెండూ రాయించండి.

యాక్సిల్ బరువు, ఫ్యూజు విషయాలు వేరు. మోటారు వాహనాల చట్టంలో 110-ఏ సెక్షన్ కింద ప్రమాదకర లోపమున్న బళ్లని వెనక్కి పిలిపించే అధికారం కేంద్రానికి ఉంది. ఆ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, ఏడేళ్ల లోపు బళ్లకి వర్తిస్తాయి. ఎంతమంది యజమానులు ఫిర్యాదు చేశారన్నదాన్ని బట్టి అది కదులుతుంది కాబట్టి ప్రతి ఒక్కరూ విడిగా వాహన్ పోర్టల్లో నమోదు చేయాలి. నీళ్ల లీకుని అక్కడ పెట్టొద్దు, అసలు ప్రమాదం మరుగున పడుతుంది. ఇవన్నీ మొదలుపెట్టే ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైనులో ఒక ఫిర్యాదు నమోదు చేయండి. అది తీర్పు ఇవ్వదు కానీ కంపెనీకి చేరిన తేదీ రికార్డవుతుంది.

బరంపురం బండి:

అందరూ చెప్పినది కలిపి కంపెనీ పోస్టు కింద పెట్టడానికి ఇలా రాశాను, తప్పులుంటే దిద్దండి.

'మీ జవాబు చూశాం, స్పందించినందుకు ధన్యవాదాలు. మా బళ్ల వివరాల పట్టిక ఈమెయిల్లో పంపాం, అందులో లీకు లేని బళ్లు కూడా ఉన్నాయి. మాకు రాతపూర్వకంగా కావలసినవి: రూఫ్ లీకుకి మీరు తేల్చిన కారణం, ఏ నెలల్లో తయారైన బళ్లకి అది వర్తిస్తుంది, ఏసీ కంత చుట్టూ ఫ్రేము ఉందా, లేకపోతే వేస్తారా, మరమ్మతు పనిక్రమం, దానికి వారంటీ. పని బరంపురంలోగానీ విశాఖలోగానీ చేయాలని కోరుతున్నాం. వెనక యాక్సిల్ బరువు, బ్యాటరీ వైరు ఫ్యూజుల గురించి విడిగా రాశాం, అవి భద్రతకి సంబంధించినవి కాబట్టి ముందు వాటికి జవాబివ్వండి. క్లెయిములు వదులుకునే కాగితం మీద మేం సంతకం చేయం. పని పూర్తయ్యాక ఫలితాన్ని ఇక్కడే రాస్తాం.'

సర్వీస్ డెస్క్:

బాగుంది. రెండు దిద్దుబాట్లు. గడువు తేదీ పెట్టండి, '15 రోజుల్లో' అని కాదు, క్యాలెండరు తేదీ. రుతుపవనాలు జూన్ రెండో వారానికల్లా మీ వైపు వచ్చేస్తాయి, సీలు గట్టిపడటానికీ ప్లై ఆరడానికీ పొడి రోజులు కావాలి కాబట్టి పని మే నెలాఖరుకి ముగియాలని కారణంతో సహా రాయండి. రెండోది, ఈమెయిల్ క్వాలిటీ విభాగానికీ, ఫారం 22-ఏ రెండో భాగం మీద సంతకం చేసిన అధికారి హోదా పేరుతోనూ వెళ్లాలి, కస్టమర్ కేర్ ఐడీకి మాత్రమే కాదు. అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు ఉంచుకోండి.

రూఫ్ సీలు:

ఇంకొక్కటి. నీళ్ల పరీక్ష వీడియో తీసేటప్పుడు మొదట చాసిస్ నంబరు ప్లేటు, తర్వాత ఆ రోజు పేపరు, అక్కణ్ణుంచి కట్ చేయకుండా గొట్టం దాకా, లోపల చుక్క పడేదాకా ఒకే షాట్‌గా తీయండి. మధ్యలో ఆపితే వేరే బండి అంటారు. అసలు ఫైలు ఫోన్లోనే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే సైజు తగ్గి తేదీ వివరాలు పోతాయి.

గంజాం వకాలత్:

అవును, ఆ ఫోను కూడా మార్చొద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేస్తే మంచిది. అందులో ఏ ఫోనుతో తీశారో దాని వివరాలు, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అక్షరాలూ అంకెల గుర్తు) రాయాలి. వీడియో తీసిన రోజే హ్యాష్ తీయించి నోట్ చేసుకోండి.